రెండు టోకెన్లు, నలభై రెండు మంది

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హిందూపురం దగ్గర పల్లె. పదకొండేళ్ల కింద గార్మెంట్స్‌లో హెల్పర్‌గా చేరాను, దారాలు కత్తిరించేదాన్ని. తర్వాత మిషన్ నేర్చుకుని టైలర్‌ని అయ్యాను. మూడేళ్లుగా సూపర్‌వైజర్‌ని. నా లైన్‌లో 42 మంది, అందరూ ఆడోళ్లే. గంటకు 90 పీసులు రావాలి. రాకపోతే పీఎం (ప్రొడక్షన్ మేనేజర్) సార్ ఫ్లోర్ మొత్తం వినేలా నన్ను తిడతారు. నేను పోయి లైన్‌ని తిడతాను. బాత్‌రూమ్‌కి పోవాలంటే టోకెన్ ఉండాలి, నా దగ్గర రెండే ఉంటాయి. టార్గెట్ తక్కువైన రోజు సాయంత్రం ఐదున్నరకు అందరి చేతా ఇంటికి పోతున్నట్టు పంచ్ కొట్టించి మళ్లీ కూర్చోబెడతాం. ఫ్లోర్ ఇన్‌చార్జ్ ఒకాయన కొత్తగా వచ్చిన పిల్లల భుజాల మీద చేతులు వేస్తుంటాడు, అందరూ చూసీ చూడనట్టు పోతారు. పోయిన నెల మా లైన్‌లో ఒకామె మిషన్ మీదే కళ్లు తిరిగి పడిపోయింది. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. టోకెన్ అడగాల్సి వస్తుందని నీళ్లే తాగడం లేదంట. "నువ్వూ మాలోంచి వచ్చినదానివే కదక్కా" అనింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మానేద్దామంటే ఇంటి అప్పు ఉంది. పైన చెప్దామంటే మాలాంటోళ్ల మాట ఎవరు వింటారు? నేనేం చేయాలి?

సమాధానం:

చెల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల ఒకటి కళ్ల ముందుకొచ్చింది. మధ్యలో బెజ్జం, దానికి నల్ల నాడా. బెంగళూరులో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో టోకెన్ అంటే అదే. పద్నాలుగేళ్లు మిషన్ మీద కూర్చున్నాను, అందులో ఒక ఏడాది సూపర్‌వైజర్‌ని. ఆ ఏడాది సంగతి ఒకటి చెప్తాను.

షిప్‌మెంట్ వారం. జేబు అతికే మిషన్ మీద ఒకామె ఉండేది, నాకంటే పెద్దది. టోకెన్ అడిగింది. "ఈ బండిల్ అయిపోగానే పో అక్కా" అన్నాను. బండిల్ అయిపోయింది. ఆమె లేవలేదు, నేను మర్చిపోయాను. సాయంత్రం బెల్ కొట్టాక అందరూ డబ్బాలు సర్దుకుని లేచారు, ఆమె మాత్రం కూర్చునే ఉంది. దగ్గరికి పోతే స్టూలు తడిగా ఉంది. ఏప్రాన్ విప్పి వెనక్కి తిప్పి నడుముకు కట్టుకుని, అందరూ పోయేదాకా దారపు రీళ్లు సర్దుతున్నట్టు చేతులు ఆడిస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు నుంచి నీళ్ల సీసా తెచ్చుకోవడం మానేసింది. కొన్ని నెలలకు నేను సూపర్‌వైజర్ పని వదిలి మళ్లీ మిషన్ మీదికే పోయాను. అది గొప్ప పనేం కాదు. నా చోటికి వచ్చినామె నాకంటే గట్టిగా అరిచేది, టోకెన్లు మాత్రం అవే రెండు.

అందుకే మానెయ్యమని నీకు చెప్పను. ముందు ఆ టోకెన్ల లెక్క చూద్దాం. మీ పీఎం మనసుకు లొంగకపోయినా లెక్కకు లొంగొచ్చు. ఒక్కొక్కరు రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు అనుకో. 42 మందికి కలిపి 420 నిమిషాలు, అంటే ఏడు గంటలు. ఎనిమిది గంటల చొప్పున నీ లైన్ మొత్తం చేసే పని 336 గంటలు. వందకు రెండు వంతులు. ఆ రెండు కోసం మనుషుల్ని రోగిష్టుల్ని చేస్తున్నారు. దీని పక్కన నీ లైన్‌లో తప్పు కుట్టి రోజూ ఆల్టర్‌కి వెనక్కొచ్చే పీసుల లెక్క, నెలలో ఆబ్సెంట్ల లెక్క రాసి పెట్టు. ఆ పడిపోయినామె ఎన్ని రోజులు రాలేదు, ఆమె మిషన్ మీద కొత్త మనిషిని కూర్చోబెడితే ఎన్ని పీసులు పోయాయి, అదీ రాయి.

ఇంకో సంగతి. స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగే ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్) వాళ్లు ఒక్కో ఆపరేషన్‌కి నిమిషాలు కట్టేటప్పుడు అలసటకి, బాత్‌రూమ్‌కి, మంచినీళ్లకి కొంత టైమ్ కలుపుతారు. అది వాళ్ల చదువులోనే ఉంది, దానికి అలవెన్స్ అని పేరు. గంటకు 90 అనే నంబర్ ఆ అలవెన్స్ కలిపి వచ్చిందా, కలపకుండా వచ్చిందా? ఐఈ అబ్బాయిని పక్కకు పిలిచి మీరు ఇప్పుడు కుట్టే డిజైన్‌కి ఎంత కలిపారో అడుగు. కలిపి ఉంటే బాత్‌రూమ్ టైమ్ టార్గెట్‌లో ముందే ఉన్నట్టు. ఉన్నదాన్ని వాడుకోనివ్వకుండా నువ్వు కాపలా కాస్తున్నావు. కలపకపోతే తప్పు నంబర్‌లో ఉంది, నీ లైన్‌లో కాదు. రెండింట్లో ఏదైనా పీఎం ముందు పెట్టడానికి నీకు ఒక మాట దొరుకుతుంది. పన్లో పనిగా ఒక ఫ్లోటర్‌ని అడుగు. నాలుగైదు ఆపరేషన్లు తెలిసిన టైలర్ ఒకరు ఖాళీగా ఉంటే ఎవరు లేచినా ఆ మిషన్ ఆగదు.

చట్టం మాటకొస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే మరుగుదొడ్లు కార్మికులకు అన్ని వేళలా అందుబాటులో ఉండాలని రాసింది. "సూపర్‌వైజర్ ఇష్టపడిన వేళ" అని రాయలేదు. దాని కింద వచ్చిన రూల్స్‌లో 25 మంది ఆడవాళ్లకు ఒకటి చొప్పున ఉండాలన్నారు. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలో కలిసింది. అవి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కోడ్ మారినా ఒంటి అవసరం మారదు కదా.

పీఎం ఒప్పుకునేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. రేపు పొద్దున ఆ రెండు టోకెన్లు నీ జేబులోంచి తీసి లైన్ చివర మేకుకి తగిలించు. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని పోతారు, వచ్చి తగిలిస్తారు. నిన్ను అడగక్కర్లేదు. టోకెన్ల పద్ధతి ఎత్తేయడం నీ చేతిలో లేకపోవచ్చు, పర్మిషన్ అడిగించుకోవడం మానడం మాత్రం నీ చేతిలోనే ఉంది. చాలామందికి బాత్‌రూమ్ కంటే ఆ అడగడమే కష్టం, అందులోనూ నెలసరి రోజుల్లో. మిషన్ మీద నీళ్లు ఒలికితే బట్ట పాడవుతుందని సీసాలు పెట్టనివ్వరు, తెలుసు. లైన్ చివర ఒక స్టాండ్ పెట్టించి అందరి సీసాలూ అక్కడ ఉంచు. రెండు గంటలకోసారి హెల్పర్ పిల్ల చేత అందరికీ అందించు.

ఆ పడిపోయినామెకి ఆ రోజులు ఆబ్సెంట్ పడిందా? జీతం 21,000 లోపు ఉన్న అందరికీ ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంటుంది, వందకు 75 పైసలు వాళ్ల జీతంలోంచే కట్ అవుతాయి. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులకు జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. అంతకుముందు ఆర్నెల్ల విడతలో 78 రోజులకు చందా కట్టి ఉంటే చాలు. మన వాళ్లు ఏం చేస్తారు? అటెండెన్స్ బోనస్ పోతుందని జ్వరంతో పనికి వస్తారు, లేదంటే ప్రైవేట్ క్లినిక్‌లో ఇంజెక్షన్ వేయించుకుని జేబులోంచి కడతారు. ఆమెను కూర్చోబెట్టి ఆ కాగితాలు పూర్తి చేయించు. నువ్వు సారీ చెప్పినదానికంటే ఆ డబ్బు ఆమెకు ఎక్కువ పనికొస్తుంది. సారీ కూడా చెప్పు.

ఇక పంచ్ సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను. బాత్‌రూమ్ ఆపడం కాఠిన్యం. పంచ్ కొట్టించి మళ్లీ కూర్చోబెట్టడం దొంగతనం. అందులో నీ చెయ్యీ ఉంది. వారానికి 48 గంటలు దాటి చేసిన ప్రతి గంటకూ ఓటీ (ఓవర్‌టైమ్) కింద రెట్టింపు జీతం ఇవ్వాలి, పాత చట్టమైనా కొత్త కోడ్ అయినా అదే. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని నిర్ణయించినప్పుడు కూడా వారానికి 48 అనే హద్దు ముట్టుకోలేదు. డబ్బు ఒక్కటే కాదు. పంచ్ కొట్టాక ఆరింటికి ఎవరి వేలికైనా సూది దిగిందనుకో, ఓవర్‌లాక్ బ్లేడ్ తగిలిందనుకో. కాగితం ప్రకారం ఆమె ఐదున్నరకే ఇంటికి పోయింది. పనిలో దెబ్బ తగిలిందని ఈఎస్ఐకి ఎలా చూపిస్తారు? అప్పుడు హెచ్ఆర్ వాళ్లు ముందు వేలు చూపించేది నిన్నే. "మేం ఉండమనలేదు, సూపర్‌వైజరే ఉంచింది" అంటారు. నేను చూశాను.

కాబట్టి ఈసారి పీఎం నోటిమాటగా "ఉంచు" అంటే ఫోన్‌లో మెసేజ్ పెట్టు. మర్యాదగానే: "సార్, ఈరోజు లైన్‌లో 42 మందిని ఏడింటి దాకా ఉంచమన్నారు, ఓటీ రాయమంటారా?" జవాబు వస్తే నీ దగ్గర రుజువు ఉంటుంది. రాకపోయినా నువ్వు అడిగినట్టు ఉంటుంది. ఇలాంటి మెసేజ్‌లు నాలుగు పోయాక చాలామంది సార్లకు ఓటీ రిజిస్టర్ గుర్తొస్తుంది. నీ లైన్ వాళ్లకు కూడా చెప్పు, తారీఖు, ఎన్ని గంటలకు బయటికొచ్చారు, ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోమను. పాల లెక్క రాసుకునే చోటే రాసుకోవచ్చు. రావాల్సిన జీతం కోసం మూడేళ్ల లోపు లేబర్ ఆఫీసులో క్లెయిమ్ వేసుకోవచ్చు.

భుజాల మీద చేతులు వేసే ఇన్‌చార్జ్ గురించి నువ్వు ఒకే వాక్యం రాశావు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రతి పనిచోటా 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు ఆడమనిషే, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లే, ఒకరు బయటి నుంచి. మీ నోటీస్ బోర్డు మీద ఆ పేర్లు ఉండాలి, రేపే పోయి చూడు. ఫిర్యాదు మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. రాయడం రాని పిల్ల అయితే రాయించి సాయం చేయాల్సింది కమిటీ వాళ్లే. విచారణ నడిచేటప్పుడు అతన్ని గానీ ఆమెను గానీ వేరే చోటికి మార్చమని, లేదా ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇమ్మని అడగొచ్చు. ఓనర్ మీదే ఫిర్యాదు అయితే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది.

చట్టం ఇంత బాగుంటే పిల్లలు ఎందుకు పోరు? కాగితం బయటికొచ్చిన రోజు సాయంత్రానికే ఊర్లో తెలుస్తుందని. మొగుడు అడుగుతాడు, అత్త అడుగుతుంది. అందుకని ఒక్కతే పోవాల్సిన అవసరం లేకుండా చూడు. ఎంతమందితో అలా చేశాడో, ఎక్కడ చేశాడో ముందు తెలుసుకో. స్టోర్‌కి దారం కోసం పోయినప్పుడా? శాంపిల్ పీస్ చూపించడానికి పోయినప్పుడా? ఆ పనులకు కొత్త పిల్లల్ని ఒంటరిగా పంపకు, నువ్వే పో, లేదా ఇద్దర్ని పంపు. వాళ్లు ఫిర్యాదు ఇస్తే సాక్షిగా నీ పేరు రాయించు. "చూసీ చూడనట్టు పోతారు" అన్నావు. ఆ "అందరూ"లో నువ్వు ఉన్నావో లేవో నాకు తెలీదు, నీకు తెలుసు.

ఇదంతా విని "అక్కా, ఎవరు వింటారు" అనే అంటావేమో. 2016 ఏప్రిల్‌లో నేను బెంగళూరు బొమ్మనహళ్లిలోనే ఉన్నాను. పీఎఫ్‌లో కంపెనీ కట్టిన వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం కొత్త రూల్ తెచ్చింది. గార్మెంట్స్ ఆడదానికి పీఎఫ్ అంటే ముసలితనం డబ్బు కాదు. కూతురి పెళ్లి, ఇంటి పైకప్పు, మొగుడి ఆపరేషన్. నలభై దాటితే కళ్లు కనపడవు, నడుము పట్టేస్తుంది, మిషన్ మీద ఎవరూ ఉంచుకోరు, మరి 58 దాకా ఎవరు చూడొచ్చారు? ఏప్రిల్ 18న ఏ యూనియన్ పిలుపూ లేకుండా వేల మంది ఆడవాళ్లు ఫ్యాక్టరీలు వదిలి హోసూర్ రోడ్డు మీదికొచ్చేశారు. మెడలో ఐడీ కార్డులు, చేతిలో మధ్యాహ్నం తినని డబ్బాలు. మర్నాడు ఇంకా పెరిగారు. లాఠీలు విరిగాయి, బస్సులు తగలబడ్డాయి, అది మంచిదని నేననను. కానీ 19 సాయంత్రానికి కేంద్రం ఆ రూల్ వెనక్కి తీసుకుంది. రెండు రోజులు. ఆ ఆడవాళ్లలో సగం మంది మన అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లే అని నాకు అనిపించింది, తెలుగు తిట్లు అంత బాగా వినపడ్డాయి.

రోడ్డెక్కకుండా కాగితం మీద గెలిచిన కథ తమిళనాడుది. దిండిగల్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత అమ్మాయి 2021 జనవరిలో హత్యకు గురైంది. అరెస్టయింది ఆమె సూపర్‌వైజరే. అక్కడి ఆడవాళ్లు నడిపే యూనియన్ ఊరుకోలేదు. 2022 ఏప్రిల్‌లో యూనియన్, ఫ్యాక్టరీ కంపెనీ, బట్టలు కొనే విదేశీ బ్రాండ్ కలిసి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. తర్వాత ఇంకో రెండు బ్రాండ్లు చేరాయి. ఫ్లోర్ మీద ఏం జరుగుతోందో చూసి చెప్పేది కార్మికుల్లోంచి వచ్చిన ఆడవాళ్లే. శిక్షణ టైలర్లకే కాదు, సూపర్‌వైజర్లకూ పైవాళ్లకూ కూడా. కంపెనీ మాట తప్పితే ఆర్డర్ల మీద దెబ్బ పడేలా బ్రాండ్లు చర్య తీసుకోవాలి. బ్రాండ్ల తరఫున వచ్చి చూసిపోయే మామూలు ఆడిట్‌కి దీనికి తేడా ఇదే. మన ఆడిట్ సంగతి తెలుసుగా. ఆ రోజు పొద్దున బాత్‌రూమ్‌లో సబ్బు, క్రెష్‌లో బొమ్మలు, టోకెన్లు మాయం. మర్నాడు బొమ్మలు స్టోర్‌రూమ్‌కి పోతాయి.

ఇక్కడ నీకు ఒక చిక్కుంది, ముందే తెలుసుకో. కొత్త కోడ్ ప్రకారం సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 దాటి జీతం ఉన్నవాళ్లు "కార్మికుల" లెక్కలోకి రారు. జీతం అంత లేకపోతే నువ్వు వాళ్లలో మనిషివే. దాటితే యూనియన్‌లో నీ పాత్ర తగ్గుతుంది, తీసేస్తే లేబర్ కోర్టుకు పోయే దారీ ఇరుకవుతుంది. లైంగిక వేధింపుల చట్టం, పీఎఫ్, గ్రాట్యుటీ మాత్రం నీకూ వర్తిస్తాయి. అందుకని అన్నీ నువ్వే నెత్తిన వేసుకుని ముందు నిలబడొద్దు. 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఫ్యాక్టరీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రభుత్వం ఆదేశించినప్పుడు వర్క్స్ కమిటీ కూడా. రెండింట్లోనూ కార్మికుల తరఫు మనుషులు సగం. నీ లైన్‌లో నలుగురు ధైర్యస్తులు ఎవరో నీకు తెలుసు, పంచ్ కొట్టమంటే నీ మొహం మీదే గొణిగేవాళ్లు. ఇన్నాళ్లూ వాళ్లను చూస్తే నీకు తలనొప్పి. కమిటీలోకి పోవాల్సింది వాళ్లే. టోకెన్లు, ఓటీ, వ్యాన్‌లో కుక్కి తీసుకొచ్చే జనం, ఒడిశా పిల్లల హాస్టల్‌కి ఆదివారం కూడా తాళాలు వేస్తుంటే ఆ సంగతి, అన్నీ వాళ్ల నోటితో కమిటీ మీటింగ్ రాసే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. వాళ్లను ఆపకుండా ఉండటం, అడిగితే లెక్కలు అందించడం నీ పని. నువ్వు టోకెన్లు మేకుకి తగిలించినా, రేపు నిన్ను వేరే లైన్‌కి మారిస్తే కొత్త సూపర్‌వైజర్ తీసి జేబులో వేసుకుంటుంది. మినిట్స్‌లో ఉంటే అంత తేలిగ్గా తీయలేదు.

లైన్‌ని తిట్టడం గురించి నాకు పెద్ద సలహా లేదు. పీఎం తిట్టిన తర్వాత పది నిమిషాలు లైన్‌లోకి పోకు. చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి పీసులు చూడు. నాకు కొంత పనిచేసింది.

చివరగా, మానేయడం. ఆ దారి మూసెయ్యను. ఉద్యోగం నీ ఒంటికి, నిద్రకి పడకపోతే పోవచ్చు. కానీ కోపంలో ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టి రావద్దు. ముందు పీఎఫ్ పాస్‌బుక్ చూసుకో, పదకొండేళ్లూ ఒకే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్) కింద పడ్డాయా, మధ్యలో ఎప్పుడైనా రాజీనామా రాయించుకుని మళ్లీ కొత్తగా చేర్చుకున్నట్టు చూపించారా. గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్లు నిండకుండా చేయడానికి కొన్నిచోట్ల ఆ పని చేస్తారు. సర్వీస్ తెగకుండా ఉంటే గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వస్తుంది, నెలను 26 రోజులుగా లెక్కేస్తారు. నీ బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకుంటే ఏడాదికి 7,500, పదకొండేళ్లకు 82,500. ఇంటి అప్పు ఎంతో నువ్వు రాయలేదు. ఈ నంబర్ పక్కన దాన్ని పెట్టి చూసుకో. పోయేటప్పుడు ఆగిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీకి నెల రోజులు.

ముందు మాత్రం ఆ ఈఎస్ఐ కాగితం. సర్టిఫికెట్ మీద తేదీలు పీఎం కొట్టించిన ఆబ్సెంట్ తేదీలతో సరిపోతున్నాయో లేదో ఆమెతో కూర్చుని చూడు. సరిపోకపోతే హాజరు పట్టీ ఫొటో తీసుకుని నాకు మళ్లీ రాయి.